తెర మీద డబ్బాలు

అన్నీ గంపగుత్తగా మార్చీడమేటి, రవీ? నేనేటి చెప్పేను నీకు? చర్చి కంప్యూటర్ అప్‌డేట్ చెయ్యొద్దనలేదు. రెండు టూల్స్ ఉన్నాయి కదా, ఆ రెండోదాంతో చెయ్యమన్నాను. అదైతే ఏది దేని మీద ఆధారపడుందో ముందే చూపిస్తాది. ఇది మారిస్తే అది ఆగిపోతాది, మార్చమంటావా అని అడుగుతాది. నీకేమో దాంతో ఆలస్యం. ఒక్క బటన్‌కి అన్నీ కొత్తవైపోయే టూలే కావాలి.

అయిపోయేయి కదా. చూడు తెర మీద. పాటంతా అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు.

మన పాటల ప్రోగ్రామ్ పాతది. తెలుగు పాటని హిందీ అక్షరాల్లోకి మార్చి చూపించేది దాని కిందున్న చిన్న లైబ్రరీ. దాని పాత వెర్షనే దీనికి పడతాది. నువ్వు కొత్తదెక్కించీసి పాతది చెరిపీసేవు. బేకపూ తియ్యలేదు.

ఏటీ, తెలుగులో బాగానే వస్తందా? మొన్న ఇజీనారం నుంచొచ్చినోడివి, నీకు బాగానే ఉంటాది. ఈ హిందీ ఊళ్లో, ఖుర్సీపార్‌లో పుట్టిన పిల్లలకి తెలుగు మాటొచ్చు గాని అక్షరం రాదు. క్వయర్లో సగం మంది వాళ్లే. ఆదివారం జార్జి అంకుల్ జ్ఞాపకార్థ కూడిక. ఆయనకిష్టమైన పాట ఆరు చరణాలూ ‘వెరోనికా, నువ్వే ఎత్తుకోవాల’ అని వాళ్లావిడ లూసీ ఆంటీ నా చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. స్టీల్ ప్లాంట్‌లో ఆయనతో పనిచేసినోళ్లంతా వస్తారు.

హథ్‌ఖోజ్‌లో మీ కంపెనీ మిషన్ మీద ఇలాగే చేస్తావా? చెయ్యవు, ఉద్యోగం ఊడిపోతాది. చర్చి కాబట్టి చేసేవు.

ఆ పాత వెర్షన్ వెతికి పెట్టు. పెట్టి, మళ్లీ ఎవరూ కదపకుండా లాక్ చెయ్యి. ఏటీ, సోమవారం దాకా అవదా? సోమవారం నాకెందుకు?

పుస్తకముంది కదా దీదీ అంటావు. నువ్వు పుస్తకం చూసి నడిపించీ, పిల్లలు వెనక గొంతు కలుపుతారంటావు.

ఆ తలుపు దగ్గరికెయ్యి.

మొదటి చరణం మా అమ్మ నేర్పింది, నోటికొచ్చు. మిగతావి ఎప్పుడూ తెర చూసే పాడేను. చేతిలో పుస్తకం ఉంటాది, నా చూపు తెర మీదుంటాది. నేనూ ఇక్కడే పుట్టేను, తమ్ముడూ. హిందీ స్కూల్లోనే చదివేను. తెర మీద హిందీ అక్షరాలు పిల్లల కోసం, పిల్లల కోసం అని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకొచ్చేను. ఆ పుస్తకంలో నాకు తెలిసినవి పేజీ నంబర్లొక్కటే.

కూర్చో. రెండో చరణం నుంచి చదువు, హిందీలో రాసుకుంటాను. మెల్లిగా చదువు, బయట పిల్లలున్నారు.