వంతెన అడగాల్సిన పొద్దు

గోదావరి దాటుతుంటే పడవ మునిగి కూతురు పోయిన నాటి నుంచి, భూమవ్వ రోజూ లక్సెట్టిపేట గ్రంథాలయానికి వచ్చి లైబ్రేరియన్ నిజాముద్దీన్‌తో పేపరు చదివించుకునేది. ఎమ్మెల్యే అసెంబ్లీలో వంతెన సంగతి ఎప్పుడు అడుగుతాడా అన్నదొక్కటే ఆమె ఆశ.

“ఇయ్యాల మనోని పేరున్నదా, భాయ్?”

“ఉన్నదక్కా.”

“వంతెన అడిగిండా?”

“నిన్న పొద్దుగాల మన ప్రశ్న వచ్చింది. పేరు పిలిచిండ్రు. ఆయన రాలే.”

“రాకుంటే ఏమైతది?”

“అడిగెటోడు లేకుంటే ఆ ప్రశ్న పోయినట్టే.”

“మళ్ల అడగరాదా?”

“నిన్ననే ఆఖరు రోజు. ఇగ ఎలచ్చన్లేనాయె.”

భూమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మాట తప్పెటోడు కాదు. ఏడికి వోయిండో ఏమో,” అన్నాడు నిజాముద్దీన్.

“ఆయన్నేమనకు, భాయ్. మొన్న రాత్రి మా ఇంట్లనే ఉండె. బిడ్డ ఏడాది మాసికానికి నేనే రమ్మన్న. ‘పొద్దుగాలకల్ల పట్నంల ఉండాలె, రైలు అందదు’ అని లేచిండు. కూర ఇంకా ఉడకనే లే. ‘నా బిడ్డ పేరు మీద వండింది తినకుండ పోతవా’ అని, చేయి వట్టి నేనే కూసోవెట్టిన.”