సోమవారం సంతకాన్ని మాన్పించిన శౌరయ్య గారు

1949వ సంవత్సరం ఆగస్టు ఒకటో తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు, గవర్నరుపేటలో మన కృష్ణాతీర యువజన సంరక్షణ సంఘం అద్దెకున్న పెంకుటింటి మెట్లెక్కి, ఒక చేత గొడుగు, మరొక చేత నియామకపు ఉత్తరం పట్టుకుని, ఇరవై ఎనిమిదేళ్ల శ్రీ గాదె శౌరయ్య గారు కొలువులో చేరారు. ముప్పై సంవత్సరాల నిరంతర సేవానంతరం ఈ జూలై 31న వారు పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో (శుభమని ఆనవాయితీ కొద్దీ అనడమే గాని, మన కార్యాలయంలో ఎవరి మొహంలోనూ ఆ శుభం కనబడటం లేదు) వారి సేవా జీవితాన్ని సహోద్యోగుల పక్షాన స్మరించుకోవడం మన కనీస కర్తవ్యం.

ఈ సంచిక చదివే శౌరయ్య గారి బంధుమిత్రుల కోసం మన సంఘం చేసే పని ఏమిటో ఒక్క మాటలో చెప్పాలి. చిన్నా చితకా నేరాలకు మొదటిసారి పట్టుబడిన కుర్రవాళ్లను న్యాయస్థానం శిక్షించకుండా, సత్ప్రవర్తన పూచీకత్తు మీద విడిచిపెడుతుంది. ఆ గడువు పూర్తయ్యేదాకా వాళ్ల మంచిచెడ్డలు కనిపెట్టి ఉండవలసిన బాధ్యత మనది. మళ్లీ పట్టుబడ్డారా, పూచీకత్తు రద్దవుతుంది. కుర్రవాడు నిర్బంధ పాఠశాల గోడల మధ్యకు పోతాడు. అక్కడికి వెళ్లినవాళ్లు బాగుపడి వస్తారని నమ్మేవాళ్లు నమ్మవచ్చు. శౌరయ్య గారు ఏనాడూ నమ్మలేదు.

తొలి ఇరవై ఏళ్లు వారు ఈ పట్టణాన్ని కాలినడకనే చుట్టారు. కృష్ణలంక నుంచి చిట్టినగర్ దాకా, చిట్టినగర్ నుంచి పటమట దాకా, ఏ ఇంట్లో ఏ కుర్రవాడు బడి మానేశాడో, ఏ తల్లి ఎవరి గురించి దిగులు పడుతోందో వారికి కంఠతా వచ్చు. సైకిలు కొనుక్కోమని సహోద్యోగులు పోరుపెడితే, "నడిచేవాణ్ణి అయితే పిలిచి మంచినీళ్లిస్తారండీ. సైకిలు మీద పోయేవాణ్ణి ఎవరు పిలుస్తారు?" అనేవారు. ఆ మాటలో సత్యముంది. సైకిలు తొక్కడం వారికి రాదన్న సత్యం కూడా అందులోనే ఉంది.

1971లో వారు పర్యవేక్షణాధికారిగా పదోన్నతి పొందారు. అప్పటికి పట్టణం ముఖం మారిపోయింది. సినిమాహాళ్లు పెరిగాయి, వాటితో బ్లాకు టిక్కెట్లు పెరిగాయి. లారీలు పెరిగాయి, గూడ్సు షెడ్డు దగ్గర బస్తాలకు చిల్లులు పెరిగాయి. తెల్లచొక్కాల పెద్దమనుషులు కొందరు పదహారేళ్ల కుర్రవాళ్ల చేతికి సోడాబుడ్లూ సైకిలు చైన్లూ ఇచ్చి, తాము మాత్రం మేడ మీద కూర్చుని కాఫీలు తాగడం మొదలుపెట్టారు. మన జాబితాలో పేర్లు మూడింతలయ్యాయి. నడిచే కాళ్లు మాత్రం రెండే. అందుచేత శౌరయ్య గారు బాగా ఆలోచించి ఒక పద్ధతి ప్రవేశపెట్టారు. ప్రతి సోమవారం పది గంటలకు కుర్రవాళ్లంతా మన కార్యాలయానికి వచ్చి, వరండాలో వరుసగా కూర్చుని, పిలిచినప్పుడు లోపలికి వచ్చి రిజిస్టరులో సంతకం చెయ్యాలి.

పద్ధతి దివ్యంగా నడిచింది. మూడేళ్లలో గైర్హాజరన్న మాటే లేదు. వార్షిక సభలో వారు ఆ రిజిస్టరు చేత్తో ఎత్తి చూపించి మురిసిపోయారు, మనమంతా చప్పట్లు కొట్టాం. అంత బుద్ధిగా, పిలవకముందే, గంట ముందుగా వస్తున్నారెందుకని మనలో ఒక్కరికీ అనుమానం తట్టలేదు, అంతటి మేధావులం!

1974 జూలైలో ఒక సినిమాహాలు ముందు, మార్నింగ్ షో వేళ, రెండు జట్ల మధ్య కొట్లాట జరిగి పదకొండు మంది కుర్రవాళ్లు పట్టుబడ్డారు. స్టేషనులో హెడ్ కానిస్టేబులు పేర్లు చదువుతుంటే శౌరయ్య గారు చేతిలోని రిజిస్టరు పేజీలు తిప్పుతూ నిలబడ్డారు. పదకొండూ మన పేర్లే. అంతా ఒకే జట్టు. ఊరికి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు. కులం వేరు, బడి వేరు, పేట వేరు. వీళ్లంతా ఒకరికొకరు ఎక్కడ తగిలారో వారికి అంతుపట్టలేదు.

ఆ పదకొండు మందిలో కృష్ణలంక కుర్రవాడు సుబ్బరత్నం ఒకడు. అంతకు ఏడాది కిందట సైకిలు డైనమో దొంగిలించి పట్టుబడ్డాడు. వాడి తల్లి వెంకటరత్నమ్మ నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషి. శౌరయ్య గారు స్టేషను మెట్లు దిగుతూ, "ఇలాంటి సావాసాలు వద్దని చెప్పలేకపోయావా అమ్మా?" అని అడిగారు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వారివైపు సూటిగా చూసింది. "మావాడికి ఈ పిల్లలెవరూ తెలీదు బాబుగారూ. ఆ డైనమో ఒక్కడే తీశాడు, ఒక్కడే దొరికాడు. వీళ్లంతా మీ వరండాలోనేగా కలిసింది! సంతకానికి పంపకపోతే జైలంటిరి, పంపాను. పంపినందుకు ఇదీ!"

శౌరయ్య గారు ఆ రోజు నేరుగా కార్యాలయానికి వచ్చారు. భోజనం డబ్బా మూత తియ్యలేదు. సాయంత్రం నాలుగింటికి కాగితం తీసుకుని, మేజిస్ట్రేటు గారికి ఒక నివేదిక స్వహస్తంతో రాశారు. ఈ బాలురను ఒకచోట చేర్చినది సోమవారం సంతకం పద్ధతియనీ, ఆ పద్ధతి తనదేననీ, కాబట్టి ఈ నేరంలో తన వాటా కూడా గమనించవలెననీ, ఇకమీదట వారిని కార్యాలయానికి రప్పించరాదనీ అందులో ఉంది.

కార్యవర్గం అత్యవసరంగా సమావేశమయింది. పదకొండు మందితో మాకిక సంబంధం లేదని రాసిచ్చి సంఘం పరువు కాపాడుకోవాలని అధిక సంఖ్యాకుల అభిప్రాయం. కార్యదర్శి శ్రీ తిరుపతిరావు గారు (ఈ ముచ్చట దాచకుండా రాయమని వారే పెద్దమనసుతో అనుమతించారు) బల్ల మీద చెయ్యి వేసి లేచారు.

"తప్పు మాదేనని మనమే రాసిస్తే, రేపు కోర్టు మనకు పిల్లల్నెలా అప్పగిస్తుందండీ? పాతికేళ్ల సంఘం మూతబడుతుంది. ముందు మీ ఉద్యోగం పోతుంది, ఆలోచించుకోండి శౌరయ్య గారూ!"

"ఆలోచించానండీ," అన్నారు శౌరయ్య గారు. "నా ఉద్యోగం పోతే, ఇక్కడికి రాకముందులాగే మళ్లీ బళ్లో పాఠాలు చెప్పుకుంటాను. ఆ పదకొండు మందినీ లోపలికి తోస్తే వాళ్లేం చెప్పుకుంటారు?"

నివేదిక కోర్టుకు వెళ్లింది. మేజిస్ట్రేటు గారు దాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారట. "ఆఫీసుకు రావద్దంటే, వీళ్లు ఎక్కడ సంతకం పెడతారయ్యా?" అని అడిగారు. "వాళ్లు రానక్కర్లేదండీ, నేనే వెళతాను," అని వీరి సమాధానం. మూడు నెలల వ్యవధి దొరికింది, ఒక కఠినమైన షరతుతో. ఆ మూడు నెలల్లో ఏ ఒక్కడు తిరిగి పట్టుబడినా పదకొండు మంది పూచీకత్తులూ ఒకేసారి రద్దు.

శౌరయ్య గారు పదకొండు మందికీ పదకొండు తావులు వెతికారు. ఏ ఇద్దరికీ దారి కలవకూడదు. ఒకణ్ణి కొండపల్లిలో బొమ్మలు చెక్కే కుటుంబానికి అప్పగించారు, ఒకణ్ణి మంగళగిరిలో మగ్గం ముందు కూర్చోబెట్టారు, ఒకణ్ణి హనుమాన్ జంక్షన్‌లో లారీల షెడ్డుకు పంపారు. ఆ ఇళ్ల పెద్దలను వారు కోరింది రెండే: పని నేర్పాలి, మధ్యాహ్నం తమతోపాటు కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. నీతులు చెప్పవద్దని మరీమరీ బతిమాలారు, ఆ పిల్లలు అప్పటికే వాటితో విసిగిపోయి ఉన్నారని. ఇక డైనమో దొంగ సుబ్బరత్నాన్ని, అందరూ వారిస్తున్నా వినకుండా, పటమటలో సైకిలు షాపులోనే పెట్టారు. "వాడికి ఇష్టమైంది అదొక్కటే. ఇష్టం లేని పనిలో ఎవడు నిలుస్తాడండీ?" అన్నారు.

పదకొండు చోట్లకూ వారానికొకసారి వెళ్లాలంటే దూరపు ఊళ్లకు బస్సులున్నాయి గాని, మిగతావాటికి కాళ్లు చాలవు. అందుకని యాభై మూడో ఏట శౌరయ్య గారు సైకిలు నేర్చుకోవడానికి పూనుకున్నారు. గురువు సుబ్బరత్నం. పాఠశాల బందరు కాలువ గట్టు. ఆదివారం మధ్యాహ్నాలు ఆ గట్టున పోయినవాళ్లు, పంచె ఎగ్గట్టి హ్యాండిలును కావలించుకున్న పెద్దమనిషినీ, సీటు పట్టుకుని వెనక పరుగెడుతూ గద్దించే కుర్రవాడినీ చూసి ఆగి మరీ నవ్వుకున్నారు.

"చక్రం కేసి చూడకండి సార్! ఎదరకి, ఎదరకి! అబ్బబ్బ, ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు!"

"వదలమాకురా నాయనా!"

"వదల్లేదండీ, పట్టుకునే ఉన్నా!"

మూడు నెలల గడువు సోమవారంతో ముగుస్తుందనగా, ఆ ముందటి ఆదివారం పాఠం నడుస్తుండగా గట్టు మీదికి పాత జట్టువాళ్లు నలుగురు వచ్చారు. వాళ్లు మన పదకొండు మందిలోని వాళ్లు కారు. సంతకాలు లేనివాళ్లు, వయసులో పెద్దవాళ్లు. "ఒరే రత్నం, ఇవాళ ఫస్టు షోకి గంట పని. నువ్వు లేకపోతే కుదరదంట. ఆ ముసలాయన్ని వదిలేసి రా," అన్నాడు ఒకడు. సుబ్బరత్నం చెయ్యి సీటు మీది నుంచి జారింది.

ఆ సంగతి తెలియని శౌరయ్య గారు జీవితంలో మొట్టమొదటిసారి ఎవరి సాయమూ లేకుండా యాభై గజాలు సైకిలు తొక్కారు. ఎంతకీ గద్దింపు వినిపించకపోయేసరికి వెనక్కి తిరిగి చూశారు. నలుగురి మధ్య వాడు. వాడి భుజం మీద ఒకడి చెయ్యి. మరునాడు కోర్టులో పదకొండు మంది, పదకొండు మంది తల్లులు. పంచె చైనులో చిక్కుకుంది, సైకిలు గట్టు దిగింది, మన పర్యవేక్షణాధికారి హ్యాండిలుకు తగిలించిన గొడుగుతో సహా కాలువలో గుర్రపుడెక్క మధ్య పడ్డారు.

సుబ్బరత్నం భుజం మీది చెయ్యి విదిలించుకుని పరుగెత్తుకొచ్చి నీళ్లలోకి దూకాడు. వారిని లేవదీశాడు, మళ్లీ మునిగి కళ్లజోడు వెతికి తెచ్చాడు, గట్టున కూర్చోబెట్టి చైనులోంచి పంచె విడదీస్తూ ఏడుస్తూ తిట్టాడు. "ఎదరకి చూడమన్నానా లేదా! ఈత కూడా రాదాయె మీకు! మీకేవన్నా అయితే మేమేం గావాలండీ?" గట్టు మీద నలుగురూ కాసేపు నవ్వుకుని, కాసేపు ఎదురుచూసి, విసుగొచ్చి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఫస్టు షో దగ్గర పోలీసులు ఆ నలుగురినీ పట్టుకున్నారు. అయిదోవాడు అక్కడ లేడు.

వారు కావాలనే పడ్డారా, పొరపాటున పడ్డారా అని ఈ అయిదేళ్లుగా మన కార్యాలయంలో వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. నిలదీసి అడిగితే, "బ్రేకు ఎక్కడుంటుందో నాకప్పటికింకా తెలీదండీ," అని తప్పించుకుంటారు. మరునాడు పదకొండు మందీ కోర్టులో నిలబడ్డారు. పదకొండు పూచీకత్తులూ నిలిచాయి. సోమవారం రిజిస్టరుకు శౌరయ్య గారే గీత గీసి ముగింపు రాశారు. నేడు మన సంరక్షణలో ఉన్న నలభై ఆరుగురిలో ఒక్కడు కూడా మన వరండా ఎలా ఉంటుందో ఎరగడు. మన ఉద్యోగులే వాళ్ల గడపలు తొక్కుతున్నారు. ఎండలో తిరగలేక మనం లోలోపల వారిని తిట్టుకున్న రోజులు లేకపోలేదు. పదవీ విరమణ సంచికలోనైనా నిజం ఒప్పుకోవాలి కదా.

ఇంకొక నిజం కూడా ఒప్పుకోమని శౌరయ్య గారి ఆజ్ఞ. పదకొండు మందిలో పది మంది నేడు కష్టపడి గౌరవంగా బతుకుతున్నారు. పదకొండోవాడు జక్కయ్య. హనుమాన్ జంక్షన్‌లో వాణ్ణి చేరదీసిన షెడ్డు యజమాని 1976లో కాలం చేస్తే, మరో తావు చూసేలోగా ఆరు వారాలు గడిచిపోయాయి. ఆ ఆరు వారాల్లో వాడు మళ్లీ చైను పట్టాడు, ఒక మనిషి ప్రాణం పోయింది. వాడికి పదేళ్ల శిక్ష పడింది. ఇందులో మీ తప్పేముందని ఎంతమంది ఓదార్చినా శౌరయ్య గారు వినరు. "ఆరు వారాలండీ," అంటారు, అంతే. నెలనెలా మొదటి ఆదివారం చర్చిలో పూజ ముగియగానే రాజమండ్రి రైలెక్కి, జైలులో వాణ్ణి చూసి వస్తారు. మొదటి ఏడాది వాడు వారితో మాట్లాడలేదు. రెండో ఏడాది, "సైకిలు తొక్కడం వచ్చిందాండీ?" అని అడిగాడట. ఆ మాట చెబుతూ వారు మన ఎదుట కళ్లు తుడుచుకున్నారు. ఈ విరమణతో ఆ ప్రయాణాలు కూడా విరమిస్తారా అని అడిగినవారికి, అది ఉద్యోగం కాదుగా అని జవాబు వచ్చింది.

జక్కయ్య విడుదలకు ఇంకా ఏడేళ్లుంది. ఆనాటికి శౌరయ్య గారికి అరవై అయిదేళ్లు వస్తాయి. ఆ ఉదయం జైలు తలుపు తెరుచుకునే వేళకు, దాని ఎదుట ఎండలో ఎంతసేపైనా నిలబడగలిగేంత ఆరోగ్యాన్నీ, వాణ్ణి ఇంటికి తీసుకువచ్చి పని చూపించి, పెళ్లి చేసి, వాడి బిడ్డల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునేంత దీర్ఘాయుష్షునూ భగవంతుడు వారికి ప్రసాదించాలని, మనందరి తరఫునా, నోరు తెరిచి అడగలేని జక్కయ్య తరఫునా మనసారా ప్రార్థిస్తున్నాం.