సుడిగాలి మెడ సరిచేసిన డాక్టరు

అయోవా రాష్ట్రంలో ఎల్క్‌బెండ్ అనే చిన్న ఊళ్లో నలభై మూడేళ్లు జనం వెన్నుపూసలు సరిచేసిన డాక్టర్ ఎల్డన్ రైండర్స్ ఆ శుక్రవారంతో పని మానేస్తున్నాడు. బోర్డు మీద కైరోప్రాక్టర్ అని ఉన్నా ఊరివాళ్లకి ఆయన ఉత్త డాక్టరే. పొద్దున పదింటికి ఆయన క్లినిక్‌కి ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో వీడ్కోలు విందు పెట్టారు. మొక్కజొన్న చేలల్లోంచి అలాగే లేచి వచ్చిన రైతులతో కుర్చీలు చాల్లేదు. ఎవరు పొగిడినా డాక్టరు చెవులు ఎర్రబడి, పళ్లెంలో ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె వంక చూస్తూ కూర్చున్నాడు.

పక్కన ఆర్లీన్ ఉంది. మొదటి రోజు నుంచి క్లినిక్ ముందుగదిలో కూర్చుని, వచ్చిన వాళ్ల పేర్లు రాసుకున్నది ఆవిడే. ఇవాళ ఏడవకూడదని గట్టిగా అనుకుని వచ్చింది. ఒకరిద్దరు లేచి నాలుగు మాటలు చెప్పబోయి, సగంలోనే కళ్లు తుడుచుకుంటూ కూర్చునేసరికి ఆవిడ కళ్లు కూడా చెమర్చాయి. సరిగ్గా అప్పుడే గల్లా పక్క బల్ల దగ్గర, కోతలు కోయడంలో ఊళ్లో పేరుమోసిన రైతు వెర్లిన్ హావర్ గొంతు సవరించుకున్నాడు.

"అయిపోయాం," అన్నాడు ధాన్యం గోదాము నడిపే క్లీటస్. "మధ్యాహ్నం తిండి కూడా ఇక్కడే."

"నువ్వు నోర్మూసుకో క్లీటస్. మీరంతా ఎప్పుడొచ్చారో గానీ, డాక్టరు చెయ్యి పడ్డ మొట్టమొదటి నడుం నాది. ఎనభై ఒకటి, అక్టోబరు. గడ్డిమోపు ఎత్తబోయాను, నడుం పట్టేసింది, వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. నా బూట్లు తప్ప ఇంకేమీ కనపడవు! నలుగురు మోసుకెళ్లి బల్ల మీద వేశారు. డాక్టరు ఒక్క నొక్కు నొక్కాడు. ఠప్! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"లేచి నించున్నావు," అన్నారెవరో.

"నించోవడమా? రెండంగుళాలు పెరిగాను! ఇంటికెళితే పంట్లాం మడమల పైకి, మా ఆవిడ తలుపు తీసి, 'ఆయన ఇంట్లో లేరండీ' అంది!"

హోటలంతా గొల్లుమంది. ఆర్లీన్ చేతిలో కప్పు మాత్రం పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఏదో అనబోయింది. డాక్టరు మోచేత్తో చిన్నగా తట్టాడు. చూస్తే ఆయన చెవుల ఎరుపు తగ్గింది, పళ్లెంలో రొట్టె కూడా తింటున్నాడు. పోనీలే అనుకుంది.

"మనుషులదేముంది, మా గోధుమరంగు ఆవు సంగతి వినండి. ఈని, లేవలేక పడిపోయింది. పశువుల డాక్టరు టోపీ తీసేసి దణ్ణం పెట్టి పోయాడు. మన డాక్టరొచ్చి దాని వీపు తడిమి, మూడో పూస దగ్గర ఠప్‌మనిపించాడు. లేచింది. లేచి కంచె దూకింది. దూకి, జిల్లా సంతలో గుర్రప్పందెం జరుగుతుంటే అందులో దూరి రెండో స్థానం కొట్టింది!"

"మొదటిది ఎందుకు రాలేదో?" అంది హోటలామె గ్లాడిస్, కాఫీ పోస్తూ.

"పాలిచ్చే వేళయిందని మధ్యలో ఆగింది, అందుకని! అసలు సంగతి అది కాదు. మన లూథరన్ చర్చి గోపురం పడమటికి వాలిపోయి ఉండేదా లేదా?"

"ఉండేది," అని ఒప్పుకున్నాడు క్లీటస్.

"ఇప్పుడు ఉందా?"

"మేస్త్రీలు వచ్చి..."

"మేస్త్రీలు వచ్చి చూసి పోయారు! డాక్టరు వెళ్లి గోడకి అరచెయ్యి ఆనించాడు. 'గట్టిగా ఊపిరి పీల్చుకో' అన్నాడు. చర్చి పీల్చుకుంది. కిటికీలు లోపలికి పోయాయి, పాటల పుస్తకాలు టపటపా కొట్టుకున్నాయి. 'ఇప్పుడు నెమ్మదిగా వదులు' అన్నాడు. వదిలింది. వదులుతుండగా ఠప్! గోపురం నిటారు! పాస్టరుగారి మెడనొప్పి కూడా అదే దెబ్బకి పోయింది, పాపం ఆయన గోడకి ఆనుకుని ఉన్నాడు లెండి."

అప్పటికి వంటింట్లో వాళ్లు కూడా బయటికి వచ్చి నించున్నారు.

"తొంభై మూడు వరదల్లో సామాన్ల రైలు పట్టాలు తప్పి మెలికలు తిరిగి పడింది. ఎన్ని పెట్టెలు? ఇరవై నాలుగు. మనిషికి కదిలే వెన్నుపూసలు ఎన్ని? ఇరవై నాలుగు! అడగండి, ఆయన ఇక్కడే ఉన్నాడు."

"ఆ లెక్క మాత్రం నిజమే," అన్నాడు డాక్టరు.

"చూశారా! ఇక చెప్పేదేముంది, తోక పెట్టె దగ్గర మొదలెట్టాడు. ఠప్, ఠప్, ఠప్... ఇంజను దాకా వచ్చేసరికి రైలు తనంతట తనే పట్టాలెక్కి కూత పెట్టింది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ జూన్‌లో వచ్చిన సుడిగాలి ఒక ఎత్తు. నేలకీ ఆకాశానికీ నల్లగా, ఊరి మీదికే వస్తోంది. మీరంతా నేలమాళిగల్లో దాక్కున్నారు. రోడ్డు మధ్యలో డాక్టరూ నేనూ ఇద్దరమే. ఆయన దాన్ని కిందనుంచి పైదాకా చూసి, 'పాపం, దీనికి మెడ పట్టేసింది వెర్లిన్, అందుకే ఇలా గిరగిరా తిరుగుతోంది' అన్నాడు. గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి. 'బిగబట్టకు, వదులుగా ఉండు' అన్నాడు. ఠప్! అంతే. పిల్లగాలైపోయి, గ్లాడిస్ ఆరేసిన దుప్పట్లు ఆరబెట్టి, తూర్పుగా వెళ్లిపోయింది."

"మరి నువ్వేం చేస్తున్నావురా?" అన్నాడు క్లీటస్.

"దాని కాళ్లు పట్టుకున్నాను!"

నవ్వులకి బల్లల మీద చెంచాలు గలగల్లాడాయి. డాక్టరు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది చూసి ఆర్లీన్ ఇక ఊరుకోవాల్సిందే. కానీ గోడ గడియారం పదకొండు దాటింది. సాయంత్రం ఐదుకి క్లినిక్ తలుపు మూసేస్తారు. ఆ తర్వాత చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

"వెర్లిన్," అంది. "ఇన్నేళ్లూ వచ్చిన ప్రతి రోగి కాగితం నా చేత్తో రాశాను. మీ అమ్మ కాగితం ఉంది. మీ ఆవిడ వెల్మా కాగితం ఉంది. మీ అల్లుడిదీ ఉంది. నీది లేదయ్యా. నువ్వు ఒక్కసారి కూడా ఆ బల్ల ఎక్కలేదు."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"వస్తావు. వాకిట్లో బండి ఆపుతావు. ఇంజను కట్టెయ్యవు. పావుగంట కూర్చుంటావు, వెళ్లిపోతావు. వెల్మా పోయాక నెలకోసారి వస్తున్నావు. నాకు కిటికీలోంచి కనపడుతుంది."

వెర్లిన్ టోపీ తీసి, అంచు చుట్టూ వేళ్లు తిప్పాడు.

"భయం," అన్నాడు చివరికి. "ఆయన విరుస్తుంటే లోపల ఏదైనా తెగిపోతుందేమోనని. ఇంతమంది ముందు అడిగావు కాబట్టి చెప్తున్నా."

ఆర్లీన్‌కి తన నాలుక కరుచుకోవాలనిపించింది. ఇంతలో డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"విరవను. చిన్న పనిముట్టు ఉంది, వేలితో మీటినట్టుంటుంది. నువ్వు ఆపమన్నచోట ఆపుతాను," అన్నాడు. "రా. నువ్వు లేకపోతే ఆ సుడిగాలిని నేనొక్కణ్ణీ పట్టేవాణ్ణి కాదు."

ముందు నవ్వింది వెర్లినే. ముగ్గురూ రోడ్డు దాటారు. హోటల్లో వాళ్లు కిటికీ దగ్గర చేరి చూడబోతే గ్లాడిస్ తెర లాగేసింది.

ఆర్లీన్ ముందుగదిలో తన కుర్చీలో కూర్చుని కొత్త కాగితం తీసింది. పేరు రాసింది. ఊరు రాసింది. వెర్లిన్ ఆవిడ బల్ల అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మూడు విడతల్లో ఎదురు కుర్చీలోకి దిగాడు. పెదవి పైన చెమట పట్టింది.

"నొప్పి ఎంత? ఒకటి నుంచి పది లోపల చెప్పు."

వెర్లిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"రెండు," అన్నాడు. "మహా అయితే రెండున్నర."

ఆర్లీన్ అతని వంక ఒకసారి చూసి, తొమ్మిది అని రాసుకుంది.