రుమాలు వేసిన సీటు

కోటలు, పాత ఊరు చూసి తిరిగొచ్చిన యూనివర్సిటీ బస్సు తార్నాకలో ఆగింది. అందరూ దిగినా పెద్దసారు లేవలేదు. ఆయన పక్క సీట్లో పొద్దుటి నుంచీ ఒక రుమాలు. కొత్తగా చేరిన లెక్చరరమ్మకి ఓపిక నశించింది.

"సార్, దారంతా ఒక స్టూడెంట్ నిలబడే వచ్చింది. ఈ సీటు ఎవరిది?"

"మా ఆవిడదమ్మా."

"మేడం రాలేదు కదా?"

"పోయినేడు వచ్చింది. తిరుగు ప్రయాణంలో తలలు లెక్కపెట్టింది నేనే. సీట్లో రుమాలుంటే తనూ ఎక్కేసిందనుకున్నా, బస్సు పోనివ్వమన్నా. హారన్ విని కోట మెట్ల మీద పరుగెత్తిందట. జారిపడి అక్కడే ప్రాణం పోయింది."

లెక్చరరమ్మ గొంతు తగ్గింది. "మళ్లీ ఈ రుమాలెందుకు వేశారు సార్?"

"నేను వేయలేదమ్మా. పొద్దున క్యాంపస్‌లో ఎక్కేసరికే ఉంది. ఈసారి తను దిగాకే దిగుతా."