క్యాంపు నుంచి ఇంటికి

1990 జూలై రెండవ తేదీన మన విత్తనాల సంస్థ జగ్గయ్యపేట శాఖలో విక్రయ ప్రతినిధిగా చేరి, ఈ 2009 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శ్రీ షేక్ బాబ్జాన్ గారిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం సహోద్యోగిగా నాకు దక్కింది. కార్యాలయంలో వారి కుర్చీ ఎన్నడూ అరగలేదు. అరిగినవి వారి చెప్పులే.

పర్యటన అనగానే కొందరికి హోదా స్ఫురిస్తుంది. నందిగామలో కాపురముండే బాబ్జాన్ గారికి మాత్రం పర్యటన అంటే భుజాన నమూనాల సంచితో బస్సులో నిలబడటం, పెనుగంచిప్రోలు ఆటోలో డ్రైవరు పక్కన అర సీటుకు సర్దుకోవడం, నల్లుల మంచమున్న లాడ్జిగదిలో చెమట చొక్కా ఉతికి ఆరేసుకుని, తెల్లవారాక అదే తొడుక్కుని దుకాణదారుల ఎదుట ప్రసన్నవదనంతో నిలవడం. కాలికి బలపం కట్టుకు తిరిగామని మేమూ చెప్పుకుంటాం గానీ, ఆ మాట ముందుగా వారికే చెల్లుతుంది.

తొలి సంవత్సరాలలో ఒకసారి వీరులపాడు ప్రాంతంలో మన పత్తి విత్తనం సరిగా మొలవలేదు. రైతులు ఆగ్రహంతో ఉన్నారని, కొన్నాళ్ళు అటు పోవద్దని మేమందరం వారించాం. “అమ్మటానికెళ్ళిన దారేగా అండి” అంటూ మర్నాడే ఆయన బస్సెక్కారు. తిట్లన్నీ ఓపికగా విని, మారు విత్తనం ఇప్పించేదాకా సంస్థను నిద్రపోనివ్వలేదు. మరుసటి ఏడు ఆ రైతులే ఆయనకు చాప వేసి కూర్చోబెట్టారు. అటువంటి వ్యక్తితో కలిసి పనిచేశానని చెప్పుకోవడం నాకు గర్వకారణం.

అయితే ఆ తిరుగుడు భారమంతా ఆయన ఒక్కరే మోయలేదు. పర్యటనను మన వాడుకలో క్యాంపు అంటాం. నాన్న ఏరని అడిగినప్పుడల్లా “క్యాంపుకెళ్ళారమ్మా” అని తల్లి హఫీజున్నీసా గారు చెప్పగా విని, ఆ తొలి రోజుల్లో వారి ఆరేళ్ళ కూతురు రుబీనా అదొక ఊరనుకుంది. ఒక ఆదివారం తల్లి ఏమరి ఉండగా నందిగామ బస్టాండుకు వెళ్ళి కండక్టరు స్తెఫను గారిని క్యాంపుకు టికెట్ అడిగింది.

“క్యాంపేంటమ్మా?”

“మా నాన్న ఉండే ఊరండి.”

తండ్రి పేరు అడిగి తెలుసుకున్న స్తెఫను గారు, తమ బస్సులో నిత్యం నిలబడే మనిషి బిడ్డేనని గ్రహించి, పాపను బెంచీమీద కూర్చోబెట్టి ఇంటికి కబురంపారు. వీధులన్నీ వెతుకుతున్న తల్లి పరుగున వచ్చేసరికి, జగ్గయ్యపేట బస్సు దిగుతూ బాబ్జాన్ గారూ ఎదురయ్యారు. సంగతి విని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని స్తెఫను గారే నాతో అన్నారు.

మరుసటి ఆదివారం కూతురిని వెంటబెట్టుకుని పెనుగంచిప్రోలు వెళ్ళారు. ఎండలో దుకాణం దుకాణం తిరిగి, ఆటో కోసం నిలబడి, సాయంత్రానికి ఆ పసిపిల్ల తీర్పు చెప్పింది.

“నాన్నా, క్యాంపు ఏం బాలేదు. ఇంటికొచ్చెయ్.”

నాటినుంచి ఆయన వెళ్ళే ఊరి పేరు, తిరిగొచ్చే బస్సు కూతురికి చెప్పనిదే ఇల్లు కదలలేదు.

1999లో ప్రాంతీయ అధికారిగా వారికి పదోన్నతి లభించింది. దానితో పెరిగింది విశ్రాంతి కాదు, తిరగవలసిన ఊళ్ళు.

నేడు ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న రుబీనా నాడు కోరిన కోరిక ఇన్నాళ్ళకు తీరుతోంది. ఈ ఆలస్యానికి మా అందరి తరఫున ఆమెకు క్షమాపణలు. బాబ్జాన్ గారికి సంపూర్ణ ఆరోగ్యమూ, మనశ్శాంతీ, వేళకు వేడన్నమూ లభించాలనీ, ఎవరు వచ్చి తలుపు తట్టినా హఫీజున్నీసా గారు “ఇంట్లోనే ఉన్నారండి” అని నిండు నూరేళ్ళూ చెబుతూ ఉండాలనీ ఆకాంక్షిస్తున్నాను.