కింది వరస

అమీర్‌పేటలో హాస్టల్ పైన మూడో అంతస్తు. కిటికీ పక్క కుర్చీలో బృందగానం మాస్టారు కామరాజు. మాట్లాడుతున్నది ఆయన భార్య వరలక్ష్మి, బోరబండ నుంచి వచ్చిన రాజనర్సయ్య.

"ఇటు జరగండి రాజనర్సయ్య గారూ, ఆయనకి కనబడేటట్టు. ఏవండీ, చూడండి ఎవరొచ్చారో."

"సూస్తుండమ్మా. గోడను సుత గట్లనే సూస్తుండు."

"స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచీ, ఎనిమిది నెలలుగా అంతే."

"ఒక్క మాట సుత లేదా?"

"నీళ్లు కావాలన్నా కళ్లతోనే. పంజాగుట్ట డాక్టరేమో, మాట పోయినవాళ్లకి ఒక్కోసారి పాట మిగులుతుందమ్మా అన్నాడు. తలలో దాని చోటు వేరేనట. పాటని పట్టుకుని మాట బయటికి రావచ్చట. ఈ నెలలోపు రాకపోతే ఇంక…"

"ఇంక?"

"టీ పెట్టనా?"

"వద్దు. ఇంకేందో అంటున్నవు."

"ఇంక ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఇవాళ ఇరవై ఆరో తారీఖు."

"మరి నన్నెందుకు పిలిచినవమ్మా?"

"నేను పాడి చూశానండీ. రోజూ పాడుతున్నాను. మన మట్టి పాట. మన బృందం కలిపి పాడే నాలుగు స్థాయిల్లో నాకొచ్చింది పై వరస ఒక్కటే. రెప్ప కూడా కదల్లేదు."

"పై వరసకు సార్ ఎందుకు కదుల్తడు? సార్ గొంతు కలిపేది కింది వరసల గద."

"అదే నేననేది. కాయితం మీద ఏమీ రాసుకోలేదు మహానుభావుడు. అంతా నోటితో నేర్పడమే. కింది వరసలో నిలబడ్డ ఫణీంద్ర గారు పోయారు. రాఘవేందర్‌కి ఫోన్ చేస్తే, మర్చిపోయానమ్మా అని నవ్వాడు. మీరొక్కరే మిగిలారు."

"నేను మిగిలిన్నా?"

"పంతొమ్మిదేళ్లు పాడారు కదండీ."

"నిలబడ్డ."

"అదే."

"అదే కాదమ్మా. నిలబడ్డ. పాడలే."

"పాడకపోవడమేంటి? నా ఎదురుగానే కదా. నోరంతా తెరిచి పాడేవారు. ఫోటోల్లో కూడా ఉంది."

"ఫోటోల చప్పుడు ఉండదు గద. నోరు తెరిసిన, మూసిన. గొంతు తియ్యలే. ఒక్కనాడు సుత తియ్యలే."

"ఎందుకు?"

"సార్ చెప్పిండు."

"ఏమని?"

"ఇడువమ్మా."

"ఏమని చెప్పారు?"

"పంజాగుట్ట హాల్ల మొదటి ప్రోగ్రాం. స్టేజి ఎక్కే మెట్ల కాడ ఆపిండు. చెవిల ఒక మాట అన్నడు. గంతే. అప్పటికి రెండు నెలల సంది రిహార్సల్‌కు వస్తున్న. కొత్త షర్టు కుట్టించుకున్న."

"ఏ మాట?"

"నా నోటికి రాదది. సార్‌నే అడుగు."

"అడగడానికి ఆయనకి మాటే ఉంటే మిమ్మల్నెందుకు పిలుస్తానండీ!"

"నిజమే."

"ఆయన అలాంటివారు కారు. ముప్పై ఏళ్లు ఈ ఇంట్లోనే నేర్పారు. రాని పిల్లల్ని కూడా ఒళ్లో కూచోబెట్టుకుని నేర్పారు. ఒక మనిషిని పిలిచి పాడొద్దనడం… నేను నమ్మను."

"నమ్మకు."

"పాడొద్దంటే తీసేసేవారు. ఎందుకుంచుతారు?"

"పోటీల పన్నెండు మంది ఉండాల్నంటరు. మైకు వైర్లు నేనే సరిచేస్తుంటి. హార్మోనియం మూడంతస్తులు నేనే మోస్తుంటి. ఎందుకు తీసేస్తడు?"

"మీరు కోపంతో చెప్తున్నారు."

"కోపం ఉన్నది. అబద్ధం లేదు. మా పింకీ చిన్నగున్నప్పుడు ముందటి కుర్చీల కూసుంటుండె. ఇంటికొచ్చినంక, డాడీ, అందరిట్ల నీ గొంతు నాకు వేరే వినబడ్డది అంటుండె. పెండ్లయింది, ఇద్దరు పిల్లలు. ఇప్పటికీ గదే అంటది. నేను ఏం చెప్పాలె?"

"మరి మీరెందుకున్నారు పంతొమ్మిదేళ్లు? మానేయొచ్చుగా."

"సార్ నా ఎనక నిలబడి పాడుతుంటే, గా కింది వరస నా వీపులకెల్లి పోతుండె. మోటర్ వైండింగ్ జేస్కుంట బతికెటోన్ని. దినమంతా కాలిన తీగ వాసన. వారంల రెండు దినాలు గదొక్కటి ఉంటుండె నాకు."

"అయితే… కింది వరస ఇంక లేదన్నమాట. ఎక్కడా లేదు."

"లేదని ఎవరన్నరు?"

"మీరే కదా పాడలేదన్నారు."

"పాడలే. పాడెటోళ్లకు ఎవల గొంతు వాళ్లకే వినబడతది. నేను ఉత్తగ నిలబడ్డ గద. నాలుగు వరసలు సుత విన్న. నువ్వు రెండో చరణంల ఊపిరి తీసుకునే చోటు సుత ఎరుకే. ప్రతిసారి జర తొందరగ తీస్కుంటవు."

"అయితే పాడండి."

"రాదు."

"ఇప్పుడే వచ్చన్నారు."

"లోపల వస్తది. మోటర్ చప్పుడు విని ఏ తీగచుట్ట కాలిందో చెప్త. నోరు తెరిస్తే మాత్రం ఆడిదీడ, ఈడిదాడ. సార్ చెప్పింది తప్పు కాదమ్మా. అదే నా బాధ. తప్పయితే ఆనాడే లడాయి పెట్టుకుందును."

"ఎలా వచ్చినా ఫర్వాలేదు. ఇక్కడ వినేదెవరు?"

"సార్ ఉన్నడు."

"ఆయనేం అంటారు మిమ్మల్ని? అంటే బాగుండును. తిట్టినా బాగుండును. మీ కాళ్లు పట్టుకోమంటారా?"

"అమ్మా, గట్ల వంగకు. లే. లెవ్వు ముందు."

"నాలుగు రోజులే ఉన్నాయండీ."

"లే. పాడుత. నువ్వు పై వరస అందుకో. ఒక్కన్నే పాడుడు నాతోని కాదు."

"సరే. ఏవండీ, వినండి. మట్టి పాట. మేము నడిచిన దారి మీద…"

"మేమే… మేమే మట్టి…"

"మేమే మట్టి, మేమే నీడ…"

"మేమే… ఆగినవేంది?"

"ఏం లేదు. కొంచెం… శ్రుతి జారిపోతోంది."

"చెప్పిన గద. వట్టిగనే చెప్పిన్నా? నేను పోత. మధురానగర్ కాడ బస్సు దిగి వచ్చిన, ఆడిదాక నడుసుకుంటనే పోత."

"కూర్చోండి. ఆయన చెయ్యి చూడండి."

"ఏమైంది?"

"కుర్చీ పట్టుకున్నారు. గట్టిగా."

"మొఖం సూస్తే కోపమొచ్చినట్టున్నది."

"రానివ్వండి. ఎనిమిది నెలల్లో అదైనా రాలేదు. పాడండి. ఇంకా గట్టిగా."

"మేమే మట్టి… మేమే…"

"ఆపకండి."

"శ్రుతి పోయిందమ్మా, నాకే తెలుస్తున్నది."

"పోనీయండి. పాడండి."

"మేమే నీడ… మేమే… మేమే…"

"న…"

"ఏవండీ? ఏంటి? ఏంటండీ?"

"న… నర్సయ్యా."

"సార్. ఈడనే ఉన్న సార్."

"మాట్లాడారు. రాజనర్సయ్య గారూ, మాట్లాడారు. ఇంకా ఏదో అంటున్నారు. దగ్గరికి రండి, మీకే చెప్తున్నారు."

"చెప్పు సార్. వింటున్న."

"పె… పెదాలు… కదుపు. చాలు."