సముద్రానికో మంత్రి, బడికో సెక్రటరీ

"అంకుల్, కాలేజ్‌లో నాకు పోర్చుగల్ సోషలిస్ట్ క్యాబినెట్ మీద పేపర్ ఉంది. నీకు తెలుసని డాడీ చెప్పాడు. రికార్డ్ చేయనా?"

చెయ్యి తల్లీ, చెయ్యి. ఫోన్ ఇటు జరుపు, మీ ఆంటీ మిక్సీ వేసిందంటే నా మాట వినపడదు. ఈ ఫ్రీమాంట్ ఊరు మొత్తం మీద నీకు ఇంటర్ తప్పినవాడే దొరికాడా! అయినా సరైన మనిషినే పట్టుకున్నావులే.

మా పక్కింటి మనుయెల్ గారు పోర్చుగల్ దీవుల నుంచి అమెరికా వచ్చినాయన. డెయిరీలో పనిచేసి రిటైర్ అయ్యాడు. మేం ఈ ఇల్లు కొన్నప్పుడు, అప్పట్లో ఇల్లు మొత్తం ఇప్పటి డౌన్‌పేమెంట్‌కి వచ్చేదిలే, మొదట పలకరించింది ఆయనే. సంచీడు నారింజలు పట్టుకొచ్చాడు. కాదు కాదు, నిమ్మకాయలు. నారింజ చెట్టు తర్వాత వేశాడు.

ఇది పదేళ్ళ కిందటి మాట. అక్కడ పోర్చుగల్లో ఎలక్షన్లు, ఇక్కడ మన తెలుగు సంఘంలో ఎలక్షన్లు. రెండు చోట్లా ఎవరికీ సగం రాలేదు! మన దగ్గర డాక్టర్ల ప్యానెల్‌కి ఎక్కువ సీట్లు వచ్చాయి, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళది రెండో స్థానం. మధ్యలో మా ప్రసాదు, అదే మీ ఆంటీ తమ్ముడు, తనతో కలిపి నలుగురు మెంబర్లతో మిగిలాడు. వాడు ఎటు మొగ్గితే కమిటీ అటు. ఇంకేముంది, మావాడికి రోజూ ఫోన్లే. వైస్ ప్రెసిడెంట్ ఇస్తామని ఒకళ్ళు, కల్చరల్ సెక్రటరీ అని ఇంకొకళ్ళు. వాడికి స్టేజీ అంటే ప్రాణం కదా, ప్రమాణ స్వీకారానికి పట్టు కుర్తా కూడా తెప్పించేసుకున్నాడు.

అసలు గొడవ ఏంటంటే, డాక్టర్ల ప్యానెల్ గెలిస్తే ఆదివారం తెలుగు బడి ఎత్తేస్తారు. హాల్ అద్దె దండగ, ఆ డబ్బుతో సినిమా వాళ్ళని పిలిపించి స్టార్ నైట్ పెడదామని వాళ్ళ ఐడియా. సాఫ్ట్‌వేర్ వాళ్ళేమో బడి ఊసే ఎత్తరు. ప్రసాదు మనుషులైతే, "ఎందుకొచ్చిన బేరాలన్నా, మనమే ఇంకో సంఘం పెట్టేద్దాం" అన్నారు. మనవాళ్ళకి అలవాటేగా!

ఒక శనివారం ప్రసాదుని వెంటబెట్టుకుని మనుయెల్ గారింటికి వెళ్ళా. ఆయన టీవీ ముందే ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది. టేబుల్ మీద ఆలివ్ కాయలు, చీజ్ ముక్కలు పెట్టి మాకు పాఠం చెప్పాడు. ఎక్కువ సీట్లొచ్చిన కూటమికి మొదట ఛాన్స్ ఇచ్చారట. పట్టుమని రెండు వారాలు కాకుండానే పార్లమెంట్‌లో ఓడిపోయారు. అప్పుడు రెండో స్థానంలో ఉన్న సోషలిస్టులు లేచారు. వాళ్ళకీ సగం లేదు. ఎడం పక్క చిన్న పార్టీలు, కమ్యూనిస్టులూ వాళ్ళూ, మేం నిలబెడతాం అన్నారు.

ప్లేట్‌లో ఆలివ్ కాయలు పేర్చి, "ఇదీ క్యాబినెట్. సోషలిస్టులు, ఏ పార్టీలో లేని ప్రొఫెసర్లు కొందరు" అన్నాడు. చీజ్ ముక్కలేమో, అంటే ఆ చిన్న పార్టీలు, ప్లేట్ బయటే ఉంచాడు.

మా ప్రసాదుకి ఆగదుగా. "మరి చీజ్‌కి ఏం మిగిలిందండీ?"

"ఒక్క మంత్రి పదవి కూడా తీసుకోలేదు. జీతాల్లో, పెన్షన్లలో పెట్టిన కోతలు తీసెయ్యమన్నారు. అంతే!"

"పదవి లేకుండానా!" అని మావాడు నోరు తెరిచాడు. అప్పుడు మనుయెల్ గారు ఇంకో ఆలివ్ కాయ తీసి, "ఇది సముద్రం మంత్రి" అన్నాడు. నేను బందరు వాణ్ణి, సముద్రానికి మంత్రి ఉంటాడని ఎప్పుడూ వినలా! ప్రసాదు పకపకా నవ్వి, "చేపలకి ఓట్లున్నాయేంటండీ?" అన్నాడు.

పెద్దాయన నవ్వలేదమ్మా. "మా దీవుల్లో సముద్రమే రోడ్డు, సముద్రమే అన్నం. ఏది పోతే మనం మిగలమో, దానికో కుర్చీ వెయ్యాలి" అన్నాడు.

కార్‌లో... కార్ ఏంటి నా మొహం, పక్కిల్లేగా! నడిచొస్తున్నాం. మా డ్రైవ్‌వే దగ్గర ప్రసాదు ఆగి, "బావా, మన సముద్రం ఏదంటావ్?" అన్నాడు. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నా, వాడు ఫోన్ తీసి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కొట్టాడు. "మా నలుగురం మీకే వేస్తాం. మాకు ఏ పదవీ వద్దు. బడి ఎత్తెయ్యకూడదు. బడికి విడిగా ఒక సెక్రటరీ ఉండాలి, అది పద్మ టీచర్‌కి ఇవ్వాలి." అవతలివాడు నమ్మలేక, "మీకేం కావాలో చెప్పండి సార్" అని మళ్ళీ అడిగాడు. "చెప్పాగా, బడి" అన్నాడు.

మీ ఆంటీ వంటింటి కిటికీలోంచి, "ఒరేయ్, కుర్తా ఏం చేస్తావురా?" అని అరిచింది. అయితే వాడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశా. చిన్న విషయం కాదమ్మా. స్టేజీ మీద పేరు పిలిపించుకోవాలని ఎన్నేళ్ళు కలగన్నాడో!

అక్కడ ఆ గవర్నమెంట్‌ని డొక్కు బండి అన్నారట ఎదుటి పార్టీ వాళ్ళు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒప్పుకుని వేసిన మన కమిటీనీ ఆర్నెల్లు నడవదన్నారు డాక్టర్లు. రెండు బండ్లూ టర్మ్ పూర్తయ్యేదాకా నడిచాయి! మన కమిటీ టర్మ్ అయిన రోజు మనుయెల్ గారు మా ఇంటికొచ్చి పులిహోర తిని, కరివేపాకు కూడా వదల్లేదు.

ప్రసాదు మాత్రం ఆదివారం పొద్దున్నే బడి తలుపులు తీసి, కుర్చీలు వేసి, అయిపోయాక మళ్ళీ మడిచి పెట్టేవాడు. అప్పట్లో ఆ బడికొచ్చే మీ పిల్లలెవరికీ పేరేంటో తెలీదుగా, కుర్చీల అంకుల్ అనేవాళ్ళు. ఆఁ! గుర్తొచ్చాడా? పెన్సిల్ చెక్కి ఇచ్చేవాడే, ఆయనే.

అదేంటమ్మా, కళ్ళు తుడుచుకుంటున్నావ్? ఇవాళ ఇదంతా నన్ను తెలుగులో అడిగావు చూశావూ, ఆ మాట వాడికి చెప్తా, ఎంత సంబరపడతాడో. ఆ కుర్తా ఇంకా కవర్‌లోనే ఉంది. నీ గ్రాడ్యుయేషన్‌కి పిలువు, వేసుకొస్తాడు. నీ పేపర్‌కి మంచి మార్కులు రావాలి, చల్లగా ఉండు తల్లీ... ఇదిగో, ఆ ఫోన్ ఆపే ముందు ఒక్క మాట, వాడు కాస్త లావెక్కాడు, కుర్తా పడుతుందో లేదో...